చేప గట్టిదా మెత్తదా

సొక్చో, రేవు బజారు
నవంబరు 4

పిల్‌బున్ అక్కకు,

నేను బాగానే ఉన్నాను. ఈ మాట మొదట రాయాలని అక్షరాల బడి టీచరమ్మ నేర్పింది కాబట్టి రాశాను. నిజానికి బాగా లేను. మోకాలు లాగుతోంది. గ్యాసు కట్టేశానో లేదోనని రోజూ మూడుసార్లు లేచి చూస్తున్నాను. మూడుసార్లూ కట్టేసే ఉంటోంది. అదే నాకు ఇంకా భయంగా ఉంది.

ఫోను చేస్తే నువ్వు వినపడక "ఎవరు, పిండి మరేనా?" అంటావు, అందుకని ఉత్తరం. చదివాక పొయ్యిలో పడెయ్. కిమ్చీకి ఉప్పు ఎంత వేశావు? ఈ ఏడు క్యాబేజీలో నీరెక్కువ. ఎక్కువ వేస్తే నీకు బీపీ, తక్కువ వేస్తే కిమ్చీకి బూజు. ఏదో ఒకటి ఎలాగూ జరుగుతుంది.

మొన్న బజారులో చిన్న విషయం ఒకటి జరిగింది. నువ్వు కంగారు పడకు, ఆ పనికి నేనున్నాను.

కూ మన్‌సిక్ అని చెప్పాను కదా, తొమ్మిదేళ్ళ కిందట బజారు సంఘం వాళ్ళు "కాస్త క్రమం చూసుకో" అని చేతికి పసుపు పట్టీ కట్టినాయన. అప్పటి నుంచీ పాపం చూస్తూనే ఉన్నాడు. కొట్టు లేక నేల మీద బేసిన్ పెట్టుకుని అమ్ముకునే ముసలమ్మలు గీత దాటకుండా చూడడమే ఆ క్రమం. గీత ఎక్కడుందో ఆయన ఒక్కడికే తెలుసు. పొద్దున ఒకచోట ఉంటుంది, సాయంత్రం ఇంకోచోట ఉంటుంది. కొట్లున్న మా జోలికి మాత్రం రాడు. అందుకే మేమందరం ఆయన్ని మంచివాడంటాం.

నా కొట్టుకి ఎదురుగా యోమ్ బొక్‌రే అని ఒకావిడ కొండ ఆకుకూర అమ్ముతుంది. ఎనభైకి ఒకటి తక్కువ, నడుం వంగిపోయింది. మొన్న మన్‌సిక్ ఆమె బేసిన్ని కాలితో తన్నాడు. ఆకుకూరంతా బురదలో పడింది. ఆమె ఏరుకుంటుంటే జుట్టు ముడి పట్టుకుని పైకి లాగాడు. "లే ముసలీ, లే. గీత కనపడదా? కళ్ళు కూడా అమ్మేశావా?"

చుట్టూ పదిహేను మందిమి ఉన్నాం. మాంసం కొట్టాయన చేతిలో మూరెడు కత్తి ఉంది, దానితో ఆయన ఒక కొవ్వు ముక్కను మహా శ్రద్ధగా సన్నగా తరిగాడు. రైసు కేకులావిడ సిగ్గుపడి తల దించుకుంది. మిగతా రోజుల్లో ఆ సిగ్గు ఎక్కడుంటుందో తెలియదు. సాక్సులమ్మే అతను జతగా ఉన్న సాక్సులనే విడదీసి మళ్ళీ జత చేశాడు. ఇంతమంది పనిమంతులు ఒకే బజారులో ఉండడం మా అదృష్టం.

అప్పుడెవరో మన్‌సిక్‌ని చేపతో కొట్టారు. ఒక్కసారే. ఎవరో తెలియదు, గుంపు కదా.

మీ ఊరి పెద్దగారి అల్లుడు పోలీసని అన్నావు. స్టేషన్లో ఆడవాళ్ళని ఉంచే గదిలో మన ఇళ్ళలోలాగా నేల కింద నుంచి వేడిగా ఉంటుందా, చల్లగా ఉంటుందా? ఊరికే అడిగి రాయి. నాకోసం కాదు.

చెవిలో మందు వేసుకోవడం మరిచిపోకు.

చెల్లెలు బొంగ్‌సిమ్


జొంగ్‌సన్, కొండ కింది ఇల్లు
నవంబరు 11

బొంగ్‌సిమ్‌కు,

ఎవరో కొట్టారా? ఆ ఎవరో కూడా నీలాగే చేపల కొట్టు పెట్టుకుని, ఆకుకూర ముసలమ్మకి ఎదురుగా కూర్చుని, జైలు నేల వేడిగా ఉంటుందో లేదోనని అక్కకి ఉత్తరం రాసే మనిషి అయి ఉంటుంది. నాకు చెవుడే గానీ గుడ్డితనం ఇంకా రాలేదు.

ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ కోడిని పట్టుకోమంటే ఆ కోడికి దండం పెట్టి ఏడ్చినదానివి. డెబ్బై రెండేళ్ళకి రౌడీలను కొడుతున్నావు. మంచిది. ఎనభైకి బ్యాంకు దోచుకుందువుగాని.

అసలు నీకెందుకే? బొక్‌రే నీకు చుట్టమా? నీకు అక్కని నేను. నా ఆకుకూరని ఎవడైనా తన్నినప్పుడు చేప పట్టుకుని రా, అప్పుడు ఒప్పుకుంటాను. ఊళ్ళో వాళ్ళందరి జుట్టూ నీ జుట్టేనా? పదిహేనుమంది బుద్ధిగా నిలబడ్డారంటే వాళ్ళకి పిల్లలూ కొట్లూ ఉన్నాయని అర్థం. నీకూ కొట్టుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు వణుకుతూ సంపాదించుకున్న జాగా అది.

వెళ్ళి క్షమాపణ అడుగు. పళ్ళరసం పెట్టె తీసుకెళ్ళు, తల వంచు, నాలుగు మాటలు పడు. పడడం మనకి కొత్తా?

అల్లుణ్ణి అడిగాను. నేల వేడిగానే ఉంటుందట. కానీ దీపం ఆర్పరట, నీకు నిద్ర పట్టదు.

ఏం జరిగిందో దాచకుండా రాయి. ఉప్పు సరిగ్గానే వేశాను.

పిల్‌బున్


సొక్చో, రేవు బజారు
నవంబరు 19

అక్కా,

నేనే. నువ్వు అలా రాశాక దాచి ఏం లాభం.

చెయ్యి ఎలా లేచిందో నాకు తెలియదు. పెట్టెలోంచి మ్యోంగ్‌తే చేపలు తీసి పరుస్తున్నాను. చేతిలో ఒకటుంది. తోక పట్టుకుని ఉన్నాను. బొక్‌రే అరవలేదక్కా. అరిస్తే నేను కూడా తల దించుకునేదాన్నేమో. ఆమె జుట్టు అతని చేతిలో ఉండగానే, కింద చెయ్యి చాచి ఆకుకూర ఏరుకుంటూనే ఉంది. అది చూశాను. తర్వాత చప్పుడు వినిపించింది. ఒక్కసారే కొట్టాను. అతను జుట్టు వదిలేసి కింద కూర్చుండిపోయాడు. "చేపా?" అన్నాడు. అంతే.

సాయంత్రానికి ఆయన ఆసుపత్రిలో పడుకున్నాడు. మెడకి తెల్లపట్టీ, చేతిలో డాక్టరు కాగితం, రెండు వారాల గాయమని. నేను కొట్టింది భుజమ్మీద. నొప్పి మెడకి నడిచి వెళ్ళినట్టుంది.

మర్నాడు స్టేషన్‌కి రమ్మన్నారు. వెచ్చటి లోపలి బట్టలు రెండు జతలు వేసుకుని, మాత్రలు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పోలీసాయన ముప్ఫై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. నాకు బార్లీ టీ ఇచ్చి నేరం వివరించాడు.

"అమ్మా, ఉత్తచేత్తో కొట్టి ఉంటే ఆయన 'శిక్ష వద్దు' అని సంతకం పెడితే చాలు, కేసు అక్కడితో పోతుంది. కానీ ప్రమాదకరమైన వస్తువుతో కొడితే సంతకం పెట్టినా పోదు."

"చేపతో కొట్టాను నాయనా."

"అదేనమ్మా నా తలనొప్పి. చేప మెత్తగా ఉందా, గడ్డకట్టి ఉందా? మెత్తగా ఉంటే తిండి. గడ్డకట్టి ఉంటే దుడ్డుకర్ర."

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా దుడ్డుకర్రలు అమ్ముతున్నానని నాకు ఎవరూ చెప్పలేదు.

"బొక్‌రే జుట్టు పట్టుకున్నాడు కదా, దానికి కేసు లేదా?" అన్నాను. ఆమెని అడిగారట. తానే జారి పడ్డానందట. పదిహేను మందినీ అడిగారట. మాంసం కొట్టాయనకి కళ్ళలో కొవ్వు చిట్లిందట. రైసు కేకులావిడ ఆవిరిలో ఉందట. సాక్సులతను లెక్కలో ఉన్నాడట. జుట్టు ఒక్కళ్ళకీ కనపడలేదు. చేప మాత్రం అందరికీ కనపడింది.

ఇక చేప సంగతి. సాక్ష్యంగా ఆ చేప కావాలని పోలీసాయన ప్లాస్టిక్ సంచి పట్టుకుని వచ్చాడు. అక్కా, నేను దాన్ని అమ్మేశాను. ఆ మధ్యాహ్నం మిగిలింది అదొక్కటే. మన్‌సిక్ పెళ్ళాం వచ్చి, "పిన్నీ, మీ మీద నాకు కోపమే, కానీ ఆయనకి కారం పులుసు కావాలట" అని ఏడుస్తూ నిలబడింది. ఇవ్వనని ఎలా అంటాను? పొలుసులు గీకి, ముక్కలు కోసి, ముల్లంగి కూడా కొసరు వేశాను. అంటే దుడ్డుకర్రని దెబ్బలు తిన్నాయనే తినేశాడు. పోలీసాయన ఈ మాట రాసుకుంటూ చాలాసేపు కలం ఆపాడు.

సంఘం వాళ్ళ కాగితం కూడా వచ్చింది. కేసులో నాది నేరమని తేలితే కొట్టు జాగా తీసేసుకుంటారట. బజారు శాంతిగా ఉండాలట.

నిద్ర లేదక్కా. గ్యాసు సంగతి కూడా మరిచిపోయాను, అంటే చూసుకో.

బొంగ్‌సిమ్


జొంగ్‌సన్
నవంబరు 25

బొంగ్‌సిమ్‌కు,

మెత్తగా ఉందని చెప్పు.

ఇంకేం ఆలోచించకు. చేప మెత్తటిది, దూదిలాంటిది, ఆయన భుజమ్మీద పడి సిగ్గుపడి జారిపోయింది. కాదనడానికి ఆ చేప రాదు, దాన్ని ఆయనే మింగాడు. నీ జీవితంలో ఇంత చక్కగా కుదిరిన పని ఇదొక్కటే, దీన్ని కూడా నిజం చెప్పి పాడుచేయకు.

నిన్ను నేనెరుగుదును. బస్సులో టికెట్టు తీసుకున్నాక కూడా డ్రైవరుకి చూపించి దిగుతావు. పోలీసాయన టీ ఇచ్చేసరికి కరిగిపోయి ఉంటావు. ఈసారి టీ తాగకు.

జుట్టు ఎవరూ చూడలేదన్నావు. చూడరు. జుట్టు చూస్తే రేపు స్టేషన్‌కి రావాలి, ఎల్లుండి మన్‌సిక్ ఎదురుగా కొట్టు తెరవాలి. చేప చూస్తే ఏ ఖర్చూ లేదు. మనుషులు చవగ్గా దొరికేదే చూస్తారు, బజారు వాళ్ళు మరీను. వాళ్ళనేమీ అనకు. నిలబడడం కూడా కష్టమే, కాళ్ళు లాగుతాయి.

ఆసుపత్రికి వెళ్ళావా? పళ్ళరసం కాదు, ఖరీదైన జిన్‌సెంగ్ వేరు రసం తీసుకెళ్ళు. పట్టీ కట్టుకున్న మెడకి అది బాగా దిగుతుంది.

ఒకటి అడుగుతాను. కొట్టేటప్పుడు నీకు భయం వేయలేదా?

పిల్‌బున్


సొక్చో, రేవు బజారు
డిసెంబరు 2

అక్కా,

జిన్‌సెంగ్ పెట్టె తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. రెండు వారాల గాయం అయిదో వారంలో పడింది. ఆ గదిలో ఆరుగురున్నారు, అందరి మెడలకీ పట్టీలే, అందరూ చుట్టూ కూర్చుని పేకాడుతున్నారు. నన్ను చూడగానే మన్‌సిక్ ముక్కలు దుప్పటి కింద పెట్టి మూలిగాడు. పేకాటలో ఓడిపోతున్నట్టున్నాడు, మూలుగు నిజంగానే ఉంది.

"ఏం పిన్నిగారూ, ఇంకో చేప తెచ్చారా?"

"తప్పైంది బాబూ."

"ఏది తప్పు? సరిగ్గా చెప్పండి, వీళ్ళు కూడా వింటారు."

పేక ముక్కలు పట్టుకున్న అయిదుగురూ న్యాయమూర్తుల్లా నావైపు తిరిగారు.

ఆయనకి దయ ఎక్కువక్కా. చేప మెత్తగానే ఉందని తానే స్టేషన్లో చెబుతాడట. శిక్ష వద్దని సంతకం కూడా పెడతాడట. నేరం ఉండదు, కొట్టు పోదు. బదులుగా చిన్న కోరిక. వచ్చే పెద్ద బజారు రోజున, అందరూ కిమ్చీ సరుకులకి వచ్చినప్పుడు, బజారు మధ్యలో నేను నేల మీద మోకరిల్లి, మైకులో రెండు మాటలు చెప్పాలి. ఒకటి, కారణం లేకుండా కొట్టానని. రెండు, బొక్‌రే తానే జారి పడిందని, ఎవరూ ముట్టుకోలేదని.

"మోకాలు నొప్పి కదా మీకు, కింద అట్ట వేయిస్తాన్లెండి" అన్నాడు. అంత ఆలోచించాడు.

ఇంటికొచ్చి బొక్‌రే దగ్గరికి వెళ్ళాను. ఆమె వెంటనే లోపలికి రమ్మంటుందని, చెయ్యి పట్టుకుంటుందని అనుకున్నాను. గుమ్మంలోనే నిలబెట్టింది.

"నిన్నెవరు కొట్టమన్నారు? తన్నాడు, ఏరుకునేదాన్ని. జుట్టు లాగాడు, ముడేసుకునేదాన్ని. పది నిమిషాల పని. ఇప్పుడు నెల రోజులుగా నన్ను బజారులో కూర్చోనివ్వడం లేదు. ఆకుకూర ఇంట్లో కుళ్ళుతోంది. నువ్వు హాయిగా ఒక దెబ్బ కొట్టి నీ కొట్లో కూర్చున్నావు."

"నిన్ను కాపాడదామని..."

"నీ ఒళ్ళు మండింది, కొట్టావు. నా పేరెందుకు?"

తలుపు వేసేముందు, "ఆయన చెప్పమన్నట్టే చెప్పు. జారి పడ్డాననే చెప్పు. నాకు కూర్చోవడానికి చోటిస్తాడేమో" అంది. తలుపు వేశాక లోపల చాలాసేపు గొళ్ళెం చప్పుడు వినిపించింది. గొళ్ళెం పట్టడం లేదేమో.

ఇప్పుడు చెప్పక్కా. కొట్లున్న పదిహేను మందీ నోరు మూసుకుని ఉంటే ఆమెకి పది నిమిషాల నష్టం. నేను కొట్టడం వల్ల నెల నష్టం. మంచి ఎవరు చేసినట్టు? మోకరిల్లి అబద్ధం చెబితే ఆమెకీ చోటు, నాకూ కొట్టు. నిజం చెబితే ఇద్దరికీ లేదు. చెప్పేస్తాననే అనుకుంటున్నాను. పెద్ద బజారు పద్నాలుగున.

భయం వేసిందా అన్నావు. కొట్టే ముందు వేసింది. కొట్టాక వేసింది. ఆ మధ్యలో మాత్రం లేదు. డెబ్బై రెండేళ్ళలో అంతసేపు భయం లేకుండా ఉన్నది అప్పుడే. అందుకే సిగ్గుగా ఉంది.

బొంగ్‌సిమ్


జొంగ్‌సన్
డిసెంబరు 8

బొంగ్‌సిమ్,

నిన్ను మోకరిల్లమనే రాద్దామని కూర్చున్నాను. రెండు కాగితాలు చింపాను.

నీ పెళ్ళైన రెండో ఏడు శరదృతువు పండక్కి నేను రైసు కేకులు చేసుకుని మీ అత్తగారింటికి వచ్చాను. రాలేదని నీకు చెప్పాను. బస్సు దొరకలేదని చెప్పాను. బస్సు దొరికింది. మీ కంచె దగ్గర దాకా వచ్చాను. నీ బావగారు, అదే మీ ఆయన అన్న, పెరట్లో బట్టలుతికే కర్రతో నిన్ను కొడుతున్నాడు. మీ అత్త మిరపకాయలు ఎండబెడుతూ, "ముఖమ్మీద కొట్టకు, పండగ" అంటోంది. పక్కింటి వాళ్ళు ముగ్గురు కంచె దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను కలుపుకుంటే నలుగురం.

నువ్వు ఆ మిరపకాయలు తొక్కకుండా పక్కకి జరుగుతూ తిన్నావు దెబ్బలు. అది చూశాను.

నేను వెనక్కి వెళ్ళిపోయాను. నాకూ అత్త ఉంది, అత్తగారింట్లో మాట వస్తుంది, నువ్వే ఇంకా ఇబ్బంది పడతావు, ఇలా చాలా తెలివైన కారణాలు దొరికాయి. దారిలో ఆకలేసింది. నీకోసం చేసిన రైసు కేకులు తిన్నాను. అన్నీ తినేశాను. బాగున్నాయి కూడా.

యాభై ఏళ్ళుగా నీకు జాగ్రత్తలు రాస్తున్నాను, బీపీ మాత్రలనీ, గ్యాసనీ, నీకెందుకనీ. జాగ్రత్తల్లో నన్ను మించినవాళ్ళు లేరు.

బొక్‌రే నిన్ను తిట్టడం న్యాయమే. ఆమె బతుకు ఆమెకి తెలుసు. కానీ ఆ రోజు ఎవరైనా కంచె దూకి వచ్చి నీ బావగారిని చేపతోనో చీపురుతోనో ఒక్కటి వేసి ఉంటే, మర్నాడు నీకు రెట్టింపు దెబ్బలు పడి ఉండేవేమో. అయినా వచ్చినందుకు వాళ్ళని నువ్వు మరిచిపోయేదానివా? ఇది నాకు తెలియదు. నీకే తెలియాలి. అడుగుతున్నాను.

మోకరిల్లు అని రాయలేను. వద్దు అని కూడా రాయలేను. నా మాటకి ఆ అర్హత లేదు.

పిల్‌బున్


సొక్చో, రేవు బజారు
డిసెంబరు 17

అక్కా,

నీ ఉత్తరం పన్నెండున వచ్చింది. రెండు రోజులు దానికి ఏమీ రాయలేదు, చేపలు కోశాను.

నువ్వు కంచె దగ్గర ఉన్నావని నాకు తెలుసు. నీ పచ్చ తలగుడ్డ కనపడింది. చూసి వెళ్ళిపోయావని కోపం చాలా ఏళ్ళు ఉంది, తర్వాత పోయింది, ఎప్పుడు పోయిందో తెలియదు. కేకులు తినేశావని మాత్రం ఇప్పుడే తెలిసింది. దానికి కొత్తగా కోపం వచ్చింది.

నువ్వడిగినదానికి జవాబు: మరిచిపోయేదాన్ని కాదు.

పద్నాలుగున బజారు నిండిపోయింది. క్యాబేజీల కంటే మనుషులే ఎక్కువ. నేను మోకరిల్లడం చూడడానికి సాక్సులతను ఎత్తుపీట కూడా తెచ్చుకున్నాడు. జుట్టు లాగిన రోజు ఇంత చూపు ఉంటే ఎంత బాగుండేది. మన్‌సిక్ మెడపట్టీతో, పసుపు పట్టీతో, మైకుతో వచ్చాడు. అట్ట వేయించాడు, మాట తప్పలేదు. పోలీసాయన కూడా ఒక పక్కన నిలబడ్డాడు. బొక్‌రే అందరి వెనకాల, ఖాళీ బేసిన్ చంకలో పెట్టుకుని ఉంది.

అట్ట మీద మోకరిల్లాను. మోకాలు కలుక్కుమంది. మైకులోకి ఆ చప్పుడు కూడా వెళ్ళిందేమో.

"నేను కూ మన్‌సిక్‌ని కొట్టాను" అన్నాను. "క్షమాపణ అడగడానికి వచ్చాను."

"గట్టిగా, పిన్నిగారూ."

"రెండుసార్లు కొట్టాను."

సాక్సులతను ఎత్తుపీట మీద మునివేళ్ళపై లేచాడు. మన్‌సిక్ కూడా నావైపు కొత్తగా చూశాడు. ఆయనకి తప్ప అందరికీ ఒక్కసారే తెలుసు, నీకూ ఒక్కసారే రాశాను. రెండోది ఆయన కింద కూర్చుండిపోయాక కొట్టాను, ముందున్నవాళ్ళు అప్పటికే మొహాలు తిప్పుకున్నారు.

"మొదటి దెబ్బకి ఈ బాబు బొక్‌రే జుట్టు వదిలేశాడు. జుట్టు పట్టుకుని లాగుతుంటే, వదిలించడానికి కొట్టాను. చేప గట్టిగా గడ్డకట్టి ఉంది. ఆ దెబ్బకి క్షమాపణ అడగను. రెండోది ఆయన వదిలేశాక కొట్టాను. అది బొక్‌రే కోసం కాదు. వేరే ఎవరో, ఎప్పుడో కొట్టినవాడి కోసం. ఆయనకి దానితో సంబంధం లేదు. ఆ రెండోదానికి తప్పైంది బాబూ, క్షమించు."

అని తల నేలకి ఆనించి దండం పెట్టాను. నిజంగానే పెట్టాను.

మన్‌సిక్ మైకు లాక్కున్నాడు. మెడ బాగానే తిరిగింది. "ముసలిదానికి మతి పోయింది" అన్నాడు. పోలీసాయన ముందుకొచ్చి అడిగాడు, "జుట్టు పట్టుకోవడం ఇంకెవరైనా చూశారా?" అంతమంది క్యాబేజీల నాణ్యత పరీక్షించడం నేనెప్పుడూ చూడలేదు.

లేవలేకపోయాను. చెయ్యి ఇచ్చి లేపింది బొక్‌రే. "కొట్టూ పోగొట్టుకున్నావు, నా చోటూ పోగొట్టావు" అని గొణుగుతూనే లేపింది.

కొట్టు ఖాళీ చేయమని కాగితం వస్తుంది. కత్తులు పాత గుడ్డలో చుట్టి పెట్టాను.

బొంగ్‌సిమ్


జొంగ్‌సన్
డిసెంబరు 26

చెల్లీ,

కేకులు రెండు కిలోలు పంపుతున్నాను. ఆవిరి మీద వేడి చేసుకో. అప్పటివాటి కంటే బాగా కుదరలేదు, చేతులు పాతబడ్డాయి.

తలగుడ్డ పచ్చది కాదు, నీలం. మిగతాదంతా నిజమే.

అక్క


సొక్చో, రేవు బజారు నేల మీద
ఫిబ్రవరి 20

అక్కా,

కేకులు అందాయి. ఒకటి బొక్‌రేకి ఇచ్చాను. ఉప్పు తక్కువంది.

కేసు కాగితం వచ్చింది. నేరం నిజమేగానీ ముసలిదని, ఒప్పుకుందని శిక్ష లేకుండా వదిలేశారట. నేరం నిజమే కాబట్టి సంఘం వాళ్ళు కొట్టు తీసేసుకున్నారు. ఇప్పుడందులో ఫోను కవర్లు అమ్ముతున్నారు. నేను ఎర్ర బేసిన్ కొనుక్కుని ఎండు చేపలు పెట్టుకుని నేల మీద కూర్చుంటున్నాను, బొక్‌రే పక్కన. ఆమెని కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమే వచ్చి కూర్చుంది. "నీ చేపల వాసనకి నా ఆకుకూర ఎవరూ కొనడం లేదు, అటు జరుగు" అని రోజూ అంటుంది. రోజూ కాస్త జరుగుతాను. ఇంకొన్నాళ్ళకి పక్క ఊరు చేరతాను.

గాలి నేల మీద చల్లగా ఉంటుంది. ఊపిరితిత్తులకి ఏదైనా వస్తుందేమోనని భయంగా ఉంది. నీకు చెబుతున్నాను గానీ కంగారు పడకు.

మొన్న మంగళవారం మన్‌సిక్ వచ్చాడు. మెడపట్టీ లేదు, పసుపు పట్టీ ఉంది. మా ఇద్దరి బేసిన్ల ముందు ఆగాడు. "గీత దాటారు" అన్నాడు. నా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. వాటిలో ఏమీ లేదు. ఎండు చేప తేలిక, దానితో కొడితే ఈగ కూడా నవ్వుతుంది. ఆయన కాలు వెనక్కి తీశాడు, తన్నడానికి.

మాంసం కొట్టాయన దగ్గాడు.

అంతే చేశాడక్కా. కత్తి పట్టుకోలేదు, బయటికి రాలేదు, మావైపు చూడను కూడా లేదు. కొవ్వు తరుగుతూనే గట్టిగా ఒకసారి దగ్గాడు. మన్‌సిక్ కాలు అలాగే గాలిలో ఆపి తల తిప్పాడు. అప్పుడు రైసు కేకులావిడ ఆవిరిలోంచి దగ్గింది. సాక్సులతను కూడా, చిన్నగా, నష్టం రానంత. మన్‌సిక్ కాలు కింద పెట్టాడు. "రేపటి నుంచి జాగ్రత్త" అని, బూటు దులుపుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళు ఆ దగ్గు ఎక్కడ దాచుకున్నారో తెలియదు. ఒక్క దగ్గుకి ఆగే మనిషిని నేను చేపతో కొట్టాను చూడు.

బుధవారం వచ్చాడు, దగ్గారు. శుక్రవారం వచ్చాడు, దగ్గారు. ఇప్పుడు బజారు మొత్తానికీ జలుబు. బొక్‌రే కూడా నిన్న ఒకసారి దగ్గి, దగ్గలేదని చెప్పింది.

నాకు రాత్రంతా ఒకటే దిగులు. చలి కదా, వాళ్ళకి నిజంగానే జలుబు చేసిందేమో. అల్లం కాచి తలా ఒక గ్లాసు ఇద్దామని ఉంది. కానీ అక్కా, అది తాగి తగ్గిపోతే?

బొంగ్‌సిమ్